ఎక్కిన ఎత్తు, పడుకున్న ఎత్తు

గత నెలలో ఒక ఆదివారం భీమిలి వరకు తొక్కి తిరిగి వస్తూ రుషికొండ దగ్గర టీకి ఆగినప్పుడు, మా సైకిలు బృందంలో అందరికన్నా చిన్నవాడు తన ఫోను నా చేతిలో పెట్టి, "అన్నయ్యా, వచ్చే జులైకి లేహ్ ప్లాను వేశాను, ఒకసారి చూసి చెప్పండి" అన్నాడు. చూశాను. చాలా పద్ధతిగా గీసిన పట్టిక. రోజు, దాటవలసిన కనుమ, దాని ఎత్తు, తొక్కవలసిన కిలోమీటర్లు అని నాలుగు నిలువు వరుసలు. రోహ్‌తంగ్ 3,978 మీటర్లు, బారాలాచా లా (లదాఖ్ వైపు భాషలో 'లా' అంటే కనుమ) 4,890, లాచులుంగ్ లా 5,059, తంగ్‌లంగ్ లా 5,328 అని అంకెలు పెరుగుతూ పోయి, లేహ్ చేరాక ఖర్దుంగ్ లా మీదుగా సాగి, చివరికి 5,798 మీటర్ల ఉమ్లింగ్ లా దగ్గర ఆగాయి. మొత్తం పన్నెండు రోజులు.

"రాత్రిళ్ళు ఎక్కడ పడుకుంటావు?" అని అడిగాను.

"దారి పొడుగునా టెంట్లు ఉంటాయట కదా అన్నయ్యా, ఎక్కడ చీకటి పడితే అక్కడే" అన్నాడు.

నాకు నవ్వు రాలేదు. 2018లో మనాలి నుంచి లేహ్‌కు బయలుదేరే ముందు నేను గీసుకున్న కాగితంలోనూ ఆ ఐదో వరుస లేదు.

ఆ రోజు టీ గ్లాసు చల్లారేలోగా అతనికి చెప్పలేకపోయిన జవాబే ఈ వ్యాసం. ఎత్తయిన కొండల్లో సైకిలు యాత్రకు దారి ఎంచుకునేటప్పుడు మనమందరం ముందుగా కనుమల ఎత్తులు చూస్తాం. నా అభిప్రాయంలో చూడవలసింది రాత్రి మజిలీల ఎత్తులు. పగలు ఎంత పైకి తీసుకుపోయినా, రాత్రికి ఏ దారి మనల్ని ఒక లోయలోకి దించి పడుకోనిస్తుందో అదే మంచి దారి, దాని మీద ఉన్న కనుమలు పేరులేనివైనా సరే. ఇది పిరికివాడి మాటలా వినిపిస్తుందని నాకు తెలుసు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మన ఘాట్ రోడ్డు నేర్పింది

విశాఖలో సైకిలు తొక్కేవాళ్ళకు కొండ మీద అక్షరాభ్యాసం సింహాచలం ఘాట్‌లో జరుగుతుంది, పట్టా అనంతగిరి ఘాట్‌లో దొరుకుతుంది. శృంగవరపుకోట దాటి బొడ్డవర వచ్చేసరికి చదును నేల అయిపోతుంది. అక్కడి నుంచి కాశీపట్నం, టైడా, అనంతగిరి మీదుగా గాలికొండ దాకా ఎక్కుతూనే ఉండి, సిల్వర్ ఓక్ చెట్ల నీడన పెరిగే కాఫీ తోటల మధ్య నుంచి సుంకరిమెట్ట దాటి, 900 మీటర్ల పైచిలుకు ఎత్తున్న అరకు లోయలోకి రోడ్డు దిగుతుంది. ఈ ఘాట్ మనకు నేర్పే విద్య చిన్నదేమీ కాదు. తొందరపడకుండా ఎక్కడం, మలుపు లోపలి అంచు దగ్గర ఏటవాలు ఎక్కువగా ఉంటుందని తెలుసుకొని వెలుపలి వైపు నుంచి రావడం, దిగేటప్పుడు బ్రేకును నొక్కిపట్టి ఉంచకుండా విడిచి విడిచి వేయడం, ఇవన్నీ అక్కడే వస్తాయి.

గేరు సంగతి కూడా అక్కడే బోధపడుతుంది. ముందు 34 పళ్ళు, వెనక 28 పళ్ళు ఉన్న రోడ్డు సైకిలు, పెడలు ఒక్క చుట్టు తిరిగితే సుమారు రెండున్నర మీటర్లు కదులుతుంది. నిమిషానికి 60 చుట్లు తిప్పితే గంటకు 9 కిలోమీటర్ల వేగం. మనిషి, సైకిలు, సామాను కలిపి వంద కిలోలనుకుంటే, వంద మీటర్లకు ఆరు మీటర్లు లేచే ఎక్కుడు మీద ఆ వేగం నిలబెట్టడానికి 170 వాట్లకు తక్కువ కాకుండా కాళ్ళు పనిచేయాలి. అదే ముందు 26, వెనక 36 పళ్ళు ఉంటే ఒక్క చుట్టుకు ఒకటిన్నర మీటరే కదులుతాం, గంటకు ఐదున్నర కిలోమీటర్లే పోతాం, కానీ వంద వాట్లతో పని జరిగిపోతుంది. ఐదు వేల మీటర్ల ఎత్తున మన దమ్ములో సుమారు మూడో వంతు తగ్గిపోతుంది కాబట్టి, అక్కడ మొదటి సైకిలు మీదివాడు దిగి నెట్టుకుంటూ నడుస్తాడు, రెండో సైకిలు మీదివాడు తొక్కుతూ ఉంటాడు.

అయినా మా బృందంలో ఆ చిన్న గేరును వాడేవాళ్ళంటే ఇప్పటికీ కాస్త చులకనే. ఈ చులకన పాతకాలంనాటిది. 1910లోనే పోటీదారులను 2,115 మీటర్ల తుర్మలే కనుమ ఎక్కించిన టూర్ ద ఫ్రాన్స్ పోటీలో గేర్లు మార్చే డిరైలర్‌ను అందరికీ అనుమతించింది 1937లో. పోటీని స్థాపించిన ఆంరీ దెగ్రాంజ్ దృష్టిలో అది వయసు మళ్ళినవాళ్ళకు పనికివచ్చే సదుపాయం. పట్టికలో కనుమల ఎత్తులు పేర్చుకునే తత్వానికి, చిన్న గేరు వేయడానికి నామోషీ పడే తత్వానికి నాకు పెద్ద తేడా కనిపించదు.

అయితే మన ఘాట్ ఒక తప్పుడు పాఠం కూడా నేర్పుతుంది, దాని గురించి ఎవరూ చెప్పరు. గాలికొండ దగ్గర టీ అమ్మే ఒక పెద్దావిడ, గసపోస్తూ సైకిలు దిగిన నన్ను చూసి, "ఏటి బాబూ, బస్సులుండగా ఈ కష్టమేటి?" అని అడిగి, ముందు ఒక చెంబుడు నీళ్ళిచ్చింది. పది నిమిషాలు కూర్చున్నాను, టీ తాగాను, ఒళ్ళు తేలికపడింది. మన కొండల మీద పడిన కష్టం లెక్క అక్కడికక్కడే తేలిపోతుంది. ఎక్కగలిగినవాడు ఎక్కుతాడు, ఎక్కలేనివాడు ఆగుతాడు, ఎక్కినవాడికి ఆ రాత్రి హాయిగా నిద్ర పడుతుంది. పదేళ్ళపాటు ఇలా ఎక్కితే, కొండంటే కాళ్ళతో తేల్చుకునే వ్యవహారమని ఒంటికి నమ్మకం కుదిరిపోతుంది. హిమాలయాల్లో ఆ లెక్క పగలు తేలదు. రాత్రి పడుకున్నాక మొదలవుతుంది.

సర్చులో ఒక రాత్రి

2018 జులైలో మేం నలుగురం మనాలి నుంచి బయలుదేరాం. మొదటి రాత్రి మఢీలో, రెండో రాత్రి రోహ్‌తంగ్ దాటి సిస్సులో, ఆ తర్వాత కేలాంగ్‌లో, జిస్పాలో పడుకున్నాం. అంతవరకు మా ప్రయాణం సరైన పద్ధతిలోనే సాగింది, అందులో మా తెలివేమీ లేదు. రోహ్‌తంగ్ ఎక్కుడే మమ్మల్ని తొందరపడనివ్వలేదు. ఐదో రోజు తెల్లవారకముందే జిస్పాలో బయలుదేరి, ఎనభై కిలోమీటర్ల పైచిలుకు తొక్కి, మధ్యలో బారాలాచా లా దాటి, ఒక్క రోజులో సర్చు చేరాలని మా పట్టిక. చేరాం కూడా. మాలో అందరికన్నా గట్టివాడు, అనంతగిరి ఘాట్‌లో మేం సగం ఎక్కేసరికి పైన ఇడ్లీ తిని కూర్చొని ఉండేవాడు, నాకన్నా రెండు గంటల ముందే చేరి టెంటు మాట్లాడి ఉంచాడు.

ఆ సాయంత్రం టెంటు యజమాని కుక్కరులో అన్నం వండాడు. 4,300 మీటర్ల దగ్గర నీళ్ళు సుమారు 86 డిగ్రీలకే మరిగిపోతాయి కాబట్టి విడి గిన్నెలో అన్నం ఎంతసేపు పెట్టినా పలుకుగానే ఉండిపోతుంది. నాలుగు రోజుల తర్వాత అన్నం మొహం చూసిన మేం ముగ్గురం మాట్లాడకుండా తింటున్నాం. గట్టివాడు మాత్రం పళ్ళెం పక్కకు జరిపి, ఆకలి లేదన్నాడు. మేం పట్టించుకోలేదు, అలసిపోయాడనుకున్నాం. పట్టించుకున్నది ఆ యజమానే. ఎక్కువ తొక్కినవాడికి ఎక్కువ ఆకలి వేయాలి, తినకపోతే అతని మీద ఒక కన్ను వేసి ఉంచండని హిందీలో చెప్పి వెళ్ళాడు.

రాత్రి రెండు గంటలకు వాంతి చేసుకోవడానికి లేచాడు. తల పగిలిపోతోందన్నాడు. బయటికి పోదామని బూట్లు వేసుకోవడానికి కూర్చొని, లేసు రెండు కొసలూ రెండు చేతుల్లో పట్టుకొని, వాటితో ఏం చేయాలో తెలియనట్టు టార్చిలైటు వెలుగులో వాటినే చూస్తూ ఉండిపోయాడు. ముప్పై ఏళ్ళ మనిషి, రోజుకు రెండుసార్లు కట్టుకునే ముడి. లేపి నాలుగు అడుగులు తిన్నగా వేయమంటే పక్కకు తూలాడు. ఎత్తు పడకపోవడంలో తలనొప్పి, వాంతి మొదటి మెట్లయితే, అడుగు తడబడటం, బుర్ర మందగించడం మెదడు వాచడానికి గుర్తులు. ఆ స్థితిలో చేయవలసిన వైద్యం అన్నిటికన్నా ముందు కిందికి దించడమే అని చదివి ఉన్నాను. అప్పుడే మా పట్టికలో ఉన్న అసలు లోపం నాకు కనబడింది.

సర్చు ఒక లోయే, పక్కన నది కూడా పారుతుంది. కానీ అక్కడి నుంచి కిందికి దిగడానికి రోడ్డు లేదు. ఒక పక్క 4,890 మీటర్ల బారాలాచా లా, మరో పక్క గాటా లూప్స్ ఇరవై ఒక్క మలుపులు ఎక్కాక నకీ లా, ఆ వెనకే లాచులుంగ్ లా. దించడానికి ముందు ఎక్కించాలి. ముందున్న పాంగ్ మజిలీదీ అదే పరిస్థితి. అది లాచులుంగ్ లాకు, తంగ్‌లంగ్ లాకు నడుమ ఇరుక్కొని ఉంది. బారాలాచా లా నుంచి తంగ్‌లంగ్ లా దాకా ఆ రోడ్డు ఎక్కడా 4,000 మీటర్ల కిందికి రాదు. కనుమలు మాత్రమే రాసుకున్న పట్టికలో ఈ సంగతి కనిపించదు. పడకల ఎత్తు ఒక వరుసగా రాసి చూస్తే జిస్పా 3,200 పక్కన సర్చు 4,290 అని పడి, చదువు రానివాడికైనా తెలిసిపోతుంది. మూడు వేల మీటర్లు దాటాక పడక ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచకూడదని, మూడు నాలుగు రోజులకొకసారి అదే ఎత్తులో మరో రాత్రి ఉండాలని పర్వత వైద్యులు చెబుతారు. మేం ఒక్క రోజులో వెయ్యి దాటించాం.

తెల్లవారుజామున ఒక సుమో డ్రైవరును లేపి, బతిమాలి, గట్టివాణ్ణి, అతనితో నేను, పైన రెండు సైకిళ్ళు కట్టుకొని మళ్ళీ బారాలాచా లా ఎక్కి కేలాంగ్‌కు దిగాం. కనుమ మీద ఉన్న అరగంటా అతను నా పేరు సరిగ్గా పలుకుతున్నాడా లేదా అని పది నిమిషాలకొకసారి అడుగుతూ కూర్చున్నాను. 3,080 మీటర్ల కేలాంగ్ చేరిన సాయంత్రానికి మనిషి మనిషయ్యాడు. మర్నాడు పరోటాలు మూడు తిన్నాడు.

ఇక్కడ నేను ఒక మాట ఒప్పుకోవాలి. అతనికి వచ్చి నాకు రాకపోవడంలో నా గొప్ప ఏమీ లేదు. ఒంటి బలానికి, ఎత్తు పడటానికి సంబంధం లేదు. కొత్త ఊరి నీళ్ళు ఒకరికి పడినట్టు మరొకరికి పడవు, ఇదీ అంతే. గాలిలో ప్రాణవాయువు ఎక్కడైనా నూటికి 21 పాళ్ళే, కానీ ఒత్తిడి తగ్గడం వల్ల ఒక్కో ఊపిరికి అందేది లేహ్ ఎత్తులో సముద్రతీరంతో పోలిస్తే మూడింట రెండు వంతులు, 5,500 మీటర్ల దగ్గర సగం. నిద్రలో అది ఇంకా తగ్గుతుంది. బలం ఉన్నవాడికి ఉన్న ప్రమాదమల్లా, ఒళ్ళు అలవాటు పడే లోగా కాళ్ళు అతన్ని పైకి తీసుకుపోగలగడమే. నాకు అంత బలముంటే నేనూ మధ్యాహ్నానికే సర్చు చేరి ఉండేవాణ్ణి.

శ్రీనగర్ వైపు దారి

ఆ ఏడాది మేమిద్దరం లేహ్ చూడలేదు. కేలాంగ్‌లో రెండు రోజులు ఉండి, బఠాణీ, బంగాళాదుంప చేలకు మంచునీళ్ళు మళ్ళించే సన్న కాలువల గట్ల మీద తిరిగాం. చంద్ర, భాగ నదులు కలిసే తాండీ దాకా సైకిళ్ళ మీద పోయి, తరువాతి బంకు 365 కిలోమీటర్ల దూరంలో ఉందని చెప్పే పెట్రోలు బంకు బోర్డు దగ్గర ఫొటో తీసుకున్నాం. అటువైపు పోవడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. ఆ యాత్ర గురించి ఎవరైనా అడిగితే ఇప్పటికీ నా నోటికి ముందుగా వచ్చేవి ఆ రెండు రోజులే, అవి పట్టికలో లేని రోజులు.

2022 ఆగస్టులో మా బావమరిదితో కలిసి శ్రీనగర్ నుంచి లేహ్‌కు తొక్కాను. ఈసారి ముందు పడకల వరుస రాసుకొని, తర్వాత కనుమలు నింపాను. ఆ దారిలో అన్నిటికన్నా ఎత్తయిన ఫోటు లా 4,108 మీటర్లు. జోజి లా అయితే 3,528, అంటే దాదాపు లేహ్ ఊరంత ఎత్తే. చెప్పుకోవడానికి ఏమీ ఉండదు. కానీ పడకలు చూడండి. సోన్‌మర్గ్ 2,700 పైచిలుకు, జోజి లా దాటి ద్రాస్ సుమారు 3,280, అక్కడి నుంచి దిగి కార్గిల్ 2,676, నమికా లా, ఫోటు లా దాటి లామాయూరు 3,510, మళ్ళీ సింధు లోయలోకి దిగి ఖల్సీ సుమారు 3,000, ఆ పైన లేహ్ 3,500. ఆ రోడ్డు పగలు ఎక్కించి రాత్రికి దింపుతుంది. పర్వతారోహకులు పనిగట్టుకొని పాటించే నియమాన్ని అది ఎవరూ అడగకుండానే పాటిస్తుంది.

దిగిన ప్రతిచోటా ఒక ఊరు ఉంటుంది. ముల్బెక్‌లో రోడ్డు పక్కనే కొండరాతిలో చెక్కిన మైత్రేయ బుద్ధుడు, ఖల్సీలో గోడల మీదుగా రోడ్డు మీదికి వంగిన ఖుబానీ చెట్లు. హైదరాబాదు పెళ్ళిళ్ళలో చక్కెర పాకంలో ఎండు ఖుబానీలు తినడమే గాని, చెట్టు మీద పండినవి మా బావమరిదీ నేనూ అప్పటిదాకా చూడలేదు. ఒక ఇంటి ముసలావిడ ఊరికే ఇచ్చిన పళ్ళతో, సైకిలు చక్రం పక్కన తగిలించే ప్యానియర్ సంచి ఒకటి నింపుకొని, మధ్యాహ్నం ఎదురుగాలికి ముప్పై కిలోమీటర్లు తొక్కేసరికి సగం గుజ్జయిపోయాయి. ఎండ ఎక్కేకొద్దీ ఆ లోయల్లో గాలి లేస్తుంది కాబట్టి, పన్నెండు లోపల తొక్కడం ముగించాలన్నది అక్కడ నేర్చుకున్న మరో సంగతి.

ఆ దారికి లోపాలు లేవని అనను. జోజి లా మీద మేం తొక్కిన దానికన్నా బురదలో నెట్టిందే ఎక్కువ. సైనిక వాహనాల వరుసలు వచ్చినప్పుడల్లా దిగి అంచుకు నిలబడాలి, దుమ్ము పళ్ళ మధ్య కరకరలాడుతుంది. మనాలి దారిలో ఉండే ఏకాంతం ఇక్కడ లేదు. తంగ్‌లంగ్ లా కింద మోరే మైదానం మీద మనిషి కనిపించకుండా నలభై కిలోమీటర్లు తొక్కామని ఆ ఏడాది ముందుకు సాగిన మా ఇద్దరు మిత్రులు చెప్పినప్పుడు నాకు కలిగింది అచ్చమైన అసూయ. కాబట్టి మనాలి దారి వద్దని చెప్పడం నా ఉద్దేశం కాదు. జిస్పాలో రెండు రాత్రులు, తర్వాత 3,800 మీటర్ల పత్సియోలో ఒకటి, 4,270 మీటర్ల జింగ్‌జింగ్‌బార్‌లో ఒకటి పడుకొని, అప్పుడు బారాలాచా లా దాటితే సర్చు పడక ముందు రాత్రికన్నా ఇరవై మీటర్లే ఎక్కువ అవుతుంది. సైకిలు మీద సొంత టెంటు మోసుకుపోవడంలో ఉన్న లాభం కూడా ఇదే. ఆ రెండు కిలోల బరువు, ఒంటికి కావలసిన ఎత్తులో ఆగిపోయే స్వేచ్ఛకు మనం కట్టే కిరాయి.

సెలవులు, సొరంగం, బోర్డు

ఇదంతా చెబితే కుర్రవాడు ఏమంటాడో నాకు తెలుసు. "అన్నయ్యా, నాకున్న సెలవులు పదహారు. సమతా ఎక్స్‌ప్రెస్‌లో ఢిల్లీ పోయి రావడానికే నాలుగు పోతాయి. మిగిలిన పన్నెండులో మీరు చెప్పినట్టు ఒక్కోచోట రెండేసి రాత్రులు పడుకుంటే, నేను పోయింది పడుకోవడానికా, తొక్కడానికా?" ఈ వాదనకు నా దగ్గర పూర్తి జవాబు లేదు. నిదానం డబ్బున్నవాడి సద్గుణమని ఎవరైనా అంటే కాదనలేను. ఉద్యోగంలో చేరిన రెండో ఏడాది నాకూ అన్ని సెలవులు లేవు, ఇప్పుడు ఉన్నాయి కాబట్టి హితబోధ చేయగలుగుతున్నాను. చెప్పగలిగిందల్లా, సెలవులు తక్కువైతే కనుమలు తగ్గించుకోవచ్చు గాని ఒళ్ళు అలవాటు పడే రోజులు తగ్గవు. డాక్టరును అడిగి వేసుకునే ఎసిటజోలమైడ్ మాత్ర ఆ అలవాటును కొంత త్వరపెడుతుందే గాని, వెయ్యి మీటర్ల గెంతును భర్తీ చేయదు.

2020 అక్టోబరు 3న ప్రారంభమైన తొమ్మిది కిలోమీటర్ల అటల్ సొరంగం ఈ ఇబ్బందిని మరింత పెంచిందని నా అనుమానం. మనాలి 2,050 మీటర్లు, సొరంగం సుమారు 3,100. ఒకప్పుడు సైకిలు మీద రెండు రోజులు పట్టి, మధ్యలో మఢీలో ఒక రాత్రి పడుకోబెట్టి, ఒంటికి ఎత్తును పరిచయం చేసిన రోహ్‌తంగ్‌ను ఇప్పుడు వాహనంలో పూట గడవకుండానే తప్పించుకోవచ్చు. నేనొకసారి ఈ మాట ఒక సమావేశంలో అంటే, రోహ్‌తంగ్ అవతలి లాహౌల్ లోయలో కొన్నేళ్ళు ఉద్యోగం చేసి వచ్చిన ఒక పెద్దమనిషి మర్యాదగానే నా నోరు మూయించారు. చలికాలమంతా మంచులో దారి మూసుకుపోయి, పురుటి నొప్పులొచ్చినా ఆసుపత్రికి హెలికాప్టరు కోసం కాచుకున్న లోయకు సొరంగం ఎందుకని, సముద్రం ఒడ్డున కూర్చొని అడగడానికి మనమెవరం అన్నారు. నిజమే. సొరంగం వాళ్ళది. రోహ్‌తంగ్ రోడ్డు ఇంకా అక్కడే ఉంది, నిదానం కావాలనుకున్నవాడు అటు పోవచ్చు.

ఇక అంకెల మోజు. నాకూ ఉంది, మా ఇంటి హాల్లో ఖర్దుంగ్ లా బోర్డు పక్కన నేను నిలబడ్డ ఫొటో ఉంది. ఆ బోర్డు మీద ఏళ్ళ తరబడి రాసి ఉన్న ఎత్తు 18,380 అడుగులు, అంటే 5,602 మీటర్లు. ఉపగ్రహ సాధనాలతో కొలిస్తే తేలింది 5,359. రెండు వందల నలభై మీటర్లకు పైగా తేడా. మన సింహాచలం కొండ దాదాపు అంత ఉంటుంది. లేని కొండను ఒకదాన్ని లక్షలమంది ఎక్కి ఫొటో దిగారన్నమాట. అయినా ఖర్దుంగ్ లాను నేను తీసిపారేయను, పైగా నా పద్ధతికి అది బాగా సరిపోతుంది. లేహ్‌లో నాలుగు రాత్రులు పడుకున్నవాడు తెల్లవారి సుమారు నలభై కిలోమీటర్లు ఎక్కి, పైన అరగంట మించి ఉండకుండా, చీకటి పడేలోగా దిగివచ్చి మళ్ళీ 3,500 మీటర్ల దగ్గరే పడుకోవచ్చు. ఎత్తయిన కనుమ దానంతటది ప్రమాదం కాదు. దాని అవతలి వైపు ఎక్కడ నడుం వాలుస్తామన్నదే ప్రశ్న.

జింగ్‌జింగ్‌బార్ దగ్గర రోడ్డు పక్కన తారు పీపాల మధ్య ప్లాస్టిక్ పట్టాలు కప్పిన గుడారాల్లో, జార్ఖండ్ నుంచి వచ్చిన రోడ్డు కూలీలు ఉంటారు. మనం ఒక రాత్రి పడుకోవడానికి ఇంత లెక్క వేసే చోట వాళ్ళు సీజనంతా పడుకొని, మనం తొక్కే రోడ్డు పరుస్తారు. వాళ్ళను చూసినప్పుడు నాకు లంబసింగి ఘాట్ గుర్తొచ్చింది. నర్సీపట్నం నుంచి పైకి వేసిన ఆ రోడ్డు పనిలో గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ గిరిజనులను చాలీచాలని కూలికి వెట్టిలా వాడుకోవడం, 1922లో అల్లూరి సీతారామరాజు పోరాటానికి దారితీసిన కారణాల్లో ఒకటి. రోడ్డు వేసినవాళ్ళ ఆ కష్టమంతా మన సైకిలు యాప్‌లో 'ఎలివేషన్ గెయిన్', అంటే ఎక్కిన మొత్తం ఎత్తు, అనే ఒక్క అంకెగా కనిపిస్తుంది.

మన మన్యంలో ఇదే లెక్క

ఎత్తు పడకపోవడమనే సమస్య లేని తూర్పు కనుమల్లో ఈ పడకల లెక్క అక్కరలేదని మొదట్లో అనుకునేవాణ్ణి. మన కొండల్లో ఎత్తయినవి 1,680 మీటర్ల చుట్టుపక్కలే. అక్కడ నిద్రలో ఎవరికీ ఏమీ కాదు. ఇక్కడ శత్రువు ఎండ, దానికి తోడు సముద్రపు ఉక్క. విశాఖలో నాలుగింటికి బయలుదేరినవాడు బొడ్డవర చేరేసరికి ఎనిమిది దాటుతుంది, ఘాట్ మధ్యలో ఉండగా నడినెత్తికి సూర్యుడు వస్తాడు. ముందు రాత్రి శృంగవరపుకోటలో పడుకున్నవాడు అదే ఘాట్‌ను మంచు తెరలు విడిపోకముందే ఎక్కేస్తాడు. మే నెలలో ఈ రెండు ప్రయాణాలూ నేను చేశాను. అవి రెండూ ఒకే రోడ్డు మీద జరిగాయంటే ఒంటికి నమ్మబుద్ధి కాదు. కారణం వేరైనా, దారి స్వభావాన్ని ఇక్కడ కూడా పడకే నిర్ణయించింది.

మావాళ్ళలో ఎక్కువమంది అరకు వెళ్ళి అదే రోజు కిరండూల్ రైల్లోనో, వెనక డిక్కీకి సైకిళ్ళు కట్టిన కారులోనో తిరిగి వచ్చేస్తారు. వాళ్ళు చూసింది ఘాట్ మాత్రమే. అరకులో ఒక రాత్రి, పాడేరులో ఒకటి, చింతపల్లిలో ఒకటి పడుకొని, లంబసింగి ఘాట్‌లో నర్సీపట్నానికి దిగి ఇంటికి వస్తే నాలుగు రోజులు పడుతుంది. నవంబరు నెలాఖరున అటు పోతే రోడ్డుకు రెండు పక్కలా వలిసె పూలు పసుపు దుప్పటి పరిచినట్టు ఉంటాయి, పొద్దున్నే ఏదో ఒక ఇంటి అరుగు మీద చోడి అంబలి దొరుకుతుంది. ఎత్తు దృష్ట్యా ఆ దారిలో చెప్పుకోదగ్గ కనుమ ఒక్కటీ లేదు. మా బృందంలో దాన్ని పూర్తిగా తొక్కినవాళ్ళు, నాతో కలిపి, ముగ్గురే.

ఇదంతా రాయడం మొదలుపెట్టిన వారానికి కుర్రవాడు సవరించిన పట్టిక పంపించాడు. ఉమ్లింగ్ లా ఎగిరిపోయింది. మనాలి బదులు శ్రీనగర్ వచ్చింది. ఖర్దుంగ్ లా మాత్రం వదలలేదు, కాకపోతే దాని ముందు లేహ్‌లో నాలుగు రాత్రులు చేర్చాడు. కార్గిల్‌లో ఒక రాత్రే ఉంచాడు, దాని మీద మేమింకా వాదించుకుంటున్నాం. చివర ఐదో వరుస గీసి, పైన 'పడక, దాని ఎత్తు' అని రాశాడు. మొదటి రోజు గడిలో 'సమతా ఎక్స్‌ప్రెస్, సైడ్ అప్పర్' అని ఉంది.